నాన్ రెసిడెంట్ హోదా (భారత ఆదాయపు పన్ను)

విదేశాలకు వెళ్ళిన భారతీయుడు పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్ అయ్యేది వీసాతో కాదు, ఆ ఏడాది దేశంలో ఉన్న రోజులతో. ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా ఏ ఏటికి ఆ ఏడే లెక్క. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 6వ సెక్షన్‌లోని ఈ సూత్రాలు 2025 నాటి కొత్త చట్టంలోనూ కొనసాగాయి.

ఏడాదిలో 182 రోజులు ఇక్కడుంటే రెసిడెంట్. 60 రోజులే ఉన్నా, అంతకుముందు నాలుగేళ్ళలో 365 రోజులు ఉంటే రెసిడెంటే. ఉద్యోగానికి వెళ్ళే పౌరులకు ఆ 60 బదులు 182 వర్తిస్తుంది. కాబట్టి టికెట్ తేదీ చిన్న విషయం కాదు. నిజామాబాద్ నుంచి దుబాయ్ కొలువుకు వెళ్ళే మనిషి సెప్టెంబరు 28న విమానం ఎక్కితే 181 రోజులు. మార్చిలోగా సెలవుకు రాకపోతే నాన్ రెసిడెంట్. మర్నాడు ఎక్కితే 182 నిండి రెసిడెంట్ అవుతాడు, దుబాయ్ జీతాన్నీ ఇక్కడి రిటర్నులో చూపాలి.

సెలవుల్లో వచ్చిపోయేవారికీ హద్దు 182 రోజులే. విదేశీ ఆదాయం కాకుండా 15 లక్షలు దాటినవారికి మాత్రం 2020 సవరణ దాన్ని 120కి కుదించింది. అంతే ఆదాయం ఉండి, ఏ దేశంలోనూ పన్ను పరిధిలోకి రాని పౌరుణ్ణి రోజులతో పని లేకుండానే రెసిడెంట్‌గా భావిస్తారు. కాస్త కటువైన నిబంధనే.

హోదా మారినా ఇక్కడి ఇంటి అద్దె, ప్లాటు అమ్మిన లాభం పన్ను పరిధిలోనే ఉంటాయి. బ్యాంకు ఖాతాల సంగతి ఫెమా (విదేశీ మారకద్రవ్య నిర్వహణ) చట్టానిది. దాని కింద సేవింగ్స్ ఖాతాను ఎన్నార్వో (నాన్ రెసిడెంట్ ఆర్డినరీ) ఖాతాగా మార్పించుకోవాలి. ఆ వడ్డీపై బ్యాంకు 30 శాతానికి పైగా టీడీఎస్ కోస్తుంది. రోజుల లెక్కకు రుజువుగా రాకపోకల ముద్రలున్న పాస్‌పోర్టు పేజీల నకళ్ళు దాచుకోవడం మంచిది.