నాలుగో కుర్చీ

2009లో మాస్టర్స్ చదవడానికి సింగపూర్‌లో దిగిన కొత్తలో, మా హాస్టల్ లాంజ్‌లో ఉన్న ఒకే ఒక్క టీవీ రిమోట్ ఎప్పుడూ ఫుట్‌బాల్ బ్యాచ్ చేతిలో ఉండేది. వాళ్ళు దాన్ని మనస్ఫూర్తిగా వదిలేది 'సింగపూర్ ఐడల్' వచ్చినప్పుడే. ఛానల్ 5లో మూడో సీజన్ నడుస్తోంది. ముగ్గురు జడ్జీలు కూర్చుని ఉన్నారు. "లాస్ట్ టైమ్ ఫోర్, లా" అన్నాడు పక్కనున్న లోకల్ కుర్రాడు, ఇంట్లో మనిషి తగ్గిపోయినట్టు మొహం పెట్టి. వీడికెందుకింత బాధ అనుకున్నాను. తర్వాత ఆ నాలుగో కుర్చీ సంగతి నేనే తవ్వుకుంటూ కూర్చున్నాను (థీసిస్ రాయాల్సిన టైములో అన్నీ ఆసక్తిగానే ఉంటాయి కదా).

2004లో మొదటి సీజన్‌కి నలుగురు జడ్జీలు. 'హోమ్' పాట కట్టిన డిక్ లీ (ఆగస్టు 9న ఈ దేశంలో ఉంటే ఆ పాట తప్పించుకోలేరు), రేడియో రంగం నుంచి ఫ్లోరెన్స్ లియన్, పాత తరం గాయకుడు డగ్లస్ ఒలివేరో, హైప్ రికార్డ్స్ కెన్ లిమ్. సైమన్ కోవెల్‌లా మొహం మీదే అనేసే పాత్ర కెన్ లిమ్‌ది. 2006కి డగ్లస్ స్థానంలో జాజ్ గాయని జసింత అభిషేగనాదెన్ వచ్చింది. ఇంటిపేరు చూడగానే నాకు మన దక్షిణాది వాసన తగిలింది. ఆవిడ తండ్రి అలెక్స్ సింగపూర్‌లో గిటారుకి పెద్దదిక్కు. ఇంకో విశేషం, డిక్ లీ ఆవిడ మాజీ భర్త. అదే మన ఛానళ్ళలో జరిగితే మూడు వారాల ప్రోమోలకి సరిపోను! 2009కి ఆ కుర్చీ ఎత్తేశారు. మొదట్నుంచీ ఉన్న ముగ్గురే మిగిలారు.

మరి ఇంత మార్పుకి ఫలితం ఏమైనా మారిందా? 2004లో తౌఫిక్ బతీషా, 2006లో హాడీ మిర్జా, 2009లో సెజైరీ సెజాలీ గెలిచారు. నాలుగింట మూడొంతుల మంది చైనీయులున్న దేశంలో ముగ్గురు విజేతలూ మలయ్ కుర్రాళ్ళే. గెలిపించింది ఫోన్లూ ఎస్సెమ్మెస్‌లూ. ఫైనల్స్‌కొచ్చేసరికి జడ్జి మాట సలహా మాత్రమే, నచ్చితే వినొచ్చు, లేకపోతే లేదు. జడ్జి చేతిలో నిజంగా కత్తి ఉండేది ఆడిషన్లలో. అక్కడ ఇంటికి పంపేసినవాళ్ళకి ఓటేయడానికి జనం ఉండరు. వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తుండవు కూడా.

నేను పెరిగింది వేరే రకం కుర్చీ చూస్తూ. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తెనాలిలో మా నాన్న ఆ గంటసేపు ఎవర్నీ మాట్లాడనిచ్చేవారు కాదు. పక్కన అతిథులుగా వచ్చే సంగీత దర్శకులూ కవులూ మారుతూ ఉండేవారు గానీ బాలుగారు మారేవారు కాదు. ఆయన చెప్పేదాంట్లో మార్కులకంటే పాట వెనక కథ ఎక్కువ. ఎవరు రాశారు, ఎవరు కట్టారు, ఒత్తు ఎక్కడ జారింది... తప్పు చెప్పి, తనే పాడి వినిపించి, మళ్ళీ పాడించేవారు. 2020 సెప్టెంబరు 25న ఆయన పోయాక, 2021 డిసెంబరులో చరణ్ గారు కార్యక్రమాన్ని తిరిగి మొదలుపెట్టారు. న్యాయనిర్ణేతలుగా చంద్రబోస్, సునీత, విజయ్ ప్రకాశ్. లెక్కేసుకోండి, ఒక మనిషి కూర్చున్న చోట నలుగురు! ఇది వాళ్ళని తక్కువ చేయడం కాదు. ఆ కుర్చీలో ఎన్ని ఉద్యోగాలు కలిసి ఉండేవో అప్పటిదాకా ఎవరమూ లెక్కపెట్టలేదు, అంతే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, కొన్నేళ్ళ క్రితం ఇక్కడ మన తెలుగు పిల్లల పాటల పోటీకి రావలసిన జడ్జి రాకపోతే, ఆఖరి నిమిషంలో నన్ను కూర్చోబెట్టారు. నా అర్హతల్లా చిన్నప్పుడు ఆ గంట కదలకుండా కూర్చోవడం. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతి, ఇక్కడే పుట్టి పెరిగింది, శ్రుతి ఎక్కడా తప్పకుండా పాడింది. కానీ ప్రతి 'ళ' దగ్గరా 'ల' పలికింది. నేను ఉచ్చారణ గడిలో పదికి మూడు వేసి, కాగితం మడిచి ఇచ్చేశాను. బాలుగారి పద్ధతి అనే అనుకున్నాను ఆ క్షణాన.

తర్వాతి ఏడాది ఆ పిల్ల పేరు జాబితాలో లేదు. ఒకరోజు జురాంగ్ ఈస్ట్‌లో రైలెక్కుతుంటే వాళ్ళమ్మ కనిపించారు. "పాటలు మానేసిందండీ, పియానో నేర్చుకుంటోంది. దాంట్లో మాటలుండవు కదా" అన్నారు నవ్వుతూ. నామీద కోపమేమీ లేదు. ఆ కాగితం ఎవరు రాశారో ఆవిడకి తెలీదు మరి.

చెబుదామనుకున్నాను. క్లెమెంటి వచ్చేసింది, ఆవిడ దిగిపోయారు.