2,337 రూపాయల మాత్ర 74కి ఎలా దిగింది

అమెరికా సెనేట్‌లో ఎస్టెస్ కెఫావర్ నడిపిన ఉపసంఘం మందుల కంపెనీల ధరలపై విచారణ జరిపి, 1961లో ఓ విడ్డూరం బయటపెట్టింది. ప్రపంచంలో మందులు అత్యంత ప్రియంగా అమ్ముడవుతున్న దేశాల్లో ఇండియా ఒకటి!

కారణం 1911 నాటి బ్రిటిష్ పేటెంటు చట్టం. ఒక మందుకు పేటెంటు ఇచ్చారంటే 16 ఏళ్లపాటు దాన్ని వేరే పద్ధతిలోనైనా సరే ఇంకొకరు తయారుచేయడానికి వీల్లేదు. ఆ పేటెంట్లలో అత్యధికం విదేశీయులవే. స్వాతంత్ర్యం వచ్చినా చట్టం మారలేదు. దాన్ని ఎలా మార్చాలో చెప్పినవాడు జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్. మందులకూ ఆహారానికీ పేటెంటు తయారీ పద్ధతి మీదే ఉండాలి తప్ప సరుకు మీద ఉండకూడదని 1959 నివేదికలో ఆయన తేల్చాడు. 1965లో తెచ్చిన బిల్లు మురిగిపోయింది. మళ్లీ బిల్లు పెట్టి, 1970లో చట్టం చేసి, 1972 ఏప్రిల్ 20న అమల్లోకి తెచ్చారు. 16 ఏళ్ల గడువు మందులకు ఏడేళ్లకు మించకుండా తగ్గింది.

దాని ఫలం ఎక్కువగా అందుకున్న ఊళ్లలో హైదరాబాద్ ముందుంటుంది. బాలానగర్‌లో సోవియట్ సాయంతో కట్టిన ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ అప్పటికే కెమిస్టులకు బడిలా ఉండేది. తాడేపల్లి పసుపు రైతు కొడుకు అంజిరెడ్డి అక్కడే పనిచేసి, 1984లో సొంత కంపెనీ పెట్టాడు. ఐడీపీఎల్ తర్వాత ఖాయిలా పడింది కానీ, అక్కడ నేర్చుకున్న చేతులు ఖాళీగా కూర్చోలేదు. అదే మందును మరో దారిలో, తక్కువ ఖర్చులో చేసే విద్య ఊరంతా పాకింది. ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని చవకగా చేసే పద్ధతిని ఇక్కడి పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం రూపొందిస్తే, మందుల కంపెనీ సిప్లా దాన్ని 1990ల్లో మార్కెట్లోకి తెచ్చింది. 2001లో అదే సిప్లా, ఏడాదికి పది వేల డాలర్లు దాటిన మూడు మందుల చికిత్సను 350 డాలర్లకే ఇస్తానని ప్రపంచం ముందుకొచ్చింది.

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) ఒప్పందం మేరకు 2005లో సరుకు మీది పేటెంటు మళ్లీ వచ్చింది. అయినా పార్లమెంటు తలుపులన్నీ మూయలేదు. పాత మందుకు చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడిగితే కుదరదని సెక్షన్ 3(డి) పెట్టింది. దాని ఆధారంగానే 2013లో సుప్రీంకోర్టు క్యాన్సర్ మందు గ్లివెక్ పేటెంటుకు నిరాకరించింది. ఇక సెక్షన్ 84 ప్రకారం, పేటెంటు ఇచ్చి మూడేళ్లు గడిచినా మందు జనానికి అందే ధరలో దొరక్కపోతే, తయారీకి ఇంకొకరికి లైసెన్సు ఇవ్వొచ్చు.

హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కో అడిగింది ఈ లైసెన్సే. కాలేయం, మూత్రపిండాల క్యాన్సర్‌కు వాడే నెక్సావర్‌కు జర్మనీ కంపెనీ బేయర్ పెట్టిన ధర నెలకు 2,80,428 రూపాయలు. నెలకు 120 మాత్రలు, అంటే మాత్ర ఒక్కటి 2,337. రోజుకు నాలుగు వేసుకోవాలి! అవసరమైన రోగుల్లో రెండు శాతానికి కాస్త ఎక్కువమందికే అది అందుతోందని పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ గుర్తించి, 2012 మార్చి 9న నాట్కోకు లైసెన్సు ఇచ్చాడు. ధర నెలకు 8,880, మాత్రకు 74 రూపాయలు. బేయర్‌కు అమ్మకాలపై ఆరు శాతం రాయల్టీ. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ లైసెన్సు నిలిచింది.

సెక్షన్ 84 కింద దేశంలో ఇప్పటివరకు ఇచ్చిన లైసెన్సు అదొక్కటే. సామాన్యుడు కొనలేని క్యాన్సర్ మందులు ఇంకా ఎన్నో ఉన్నాయి. చట్టం చేతిలోనే ఉంది, వాడాలి.