మూల, కర్ణము, కోణము

బుచ్చిరెడ్డిపాలెమున ఇంటిస్థలము కొనబోవు గృహస్థు మొదట అది ఎన్ని అంకణములని అడుగును. స్థలము మూలమట్టమునకు వచ్చునా యనునది అతని రెండవ ప్రశ్న. రాకున్నచో ఏ మూల పెరిగినది, ఏ మూల తగ్గినది యని విచారించును. ఈశాన్యము పెరిగినచో సంతసించును, నైరృతి పెరిగినచో వెనుదీయును. ఈ విశ్వాసము బాగోగులు మనకిచట ప్రస్తుతము కావు. ఆ మాటలలో నిమిడియున్న క్షేత్రగణితము మాత్రము విచారింపదగియున్నది. పెరిగిన మూల యనగా ముందునకు పొడుచుకొని వచ్చిన మూల. అట్టిచోట రెండు గోడలకు నడుమనుండు ఎడము 90 డిగ్రీలకు తక్కువగును. ఆ గృహస్థుని కుమారుడు బడిలో దానినే అల్పకోణమని చదువుచున్నాడు. తండ్రికి పెరిగినది కుమారునకు అల్పమైనది!

ఇది వట్టి మాటల చమత్కారము గాదు. తండ్రి నేలను చూచుచున్నాడు, కుమారుడు రేఖల నడిమి యెడమును చూచుచున్నాడు. ఈ రెండు చూపులును రెండు వేర్వేరు సంప్రదాయములనుండి వచ్చినవి. వానిలో రెండవది మన పొలములకు వచ్చి రెండు శతాబ్దులు మాత్రమే యైనది.

ప్రాచీనులకు లంబమును నిలుపుట చక్కగా తెలియును. తెలుగుదేశపు వైదికులలో అధికసంఖ్యాకులు అనుసరించు ఆపస్తంబ సూత్రమునకు చెందిన శుల్బసూత్రములో, మహావేదిని కొలుచుటకు 15, 36, 39 అను కొలతల త్రాటిని చెప్పిరి. ఆ మూడు నిడుపులు కుదిరినచో మూల తనంత తానే చక్కబడును, వేరుగా దానిని కొలువ నక్కరలేదు. తరువాతి గణితజ్ఞులును ఈ త్రోవనే నడచిరి. అమోఘవర్షుని కాలమున, సుమారు 850 ప్రాంతమున, మహావీరాచార్యుడు గణితసారసంగ్రహములో త్రిభుజములు మూడు విధములనియు, చతురస్రములు ఐదు విధములనియు, వర్తులములు ఎనిమిది విధములనియు విభజించెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెనిగించుటతో క్షేత్రగణితము మన భాషలోనికి వచ్చినది. ఆ త్రిభుజ విభాగమంతయు భుజముల సామ్యమును బట్టియే, సమము, ద్విసమము, విషమము అని. మూల ఎంత విచ్చుకొన్నదను ప్రశ్న అందు లేదు.

అట్లని మనవారికి కోణపు కొలత తెలియదనుట పొరపాటు. 499 నాటి ఆర్యభటీయములో 225 కలల కొకటి చొప్పున 24 జ్యలు లెక్కింపబడినవి. అయితే అది ఆకాశమున గ్రహములు నడచు చాపపు కొలత. ఆ కొలత దిగివచ్చి పొలముగట్టుపై నిలువలేదు.

నిలువకపోవుటచే కలిగిన చిక్కు చిన్నది కాదు. ఒక మడికి నాలుగు వైపులను పదేసి బారలున్నవనుకొందము. ఎదురెదురు భుజములను కూడి సగము చేసి గుణించు స్థూలగణితము ననుసరించి అది 100 చదరపు బారలు. మడి మూలమట్టమున నున్నచో అది సత్యమే. కాని ఒక మూల 60 డిగ్రీలకు వంగియున్నచో నిజమైన వైశాల్యము 86 చదరపు బారలకు కొంచెము పైమాట. పన్ను వైశాల్యమును బట్టి కట్టవలసిన రైతునకు ఈ తేడా యెట్టిదో చెప్పనక్కరలేదు. బ్రహ్మగుప్తుని భుజసూత్రమును ఇట్టి మడికి పట్టించినను 100 అనియే వచ్చును. 1150 లో భాస్కరాచార్యుడు లీలావతిలో ఈ లోపమును పట్టుకొనెను. కర్ణమునో లంబమునో తెలుపకుండ చతుర్భుజపు ఫలము నడుగువానిని, చెప్పువానిని గూడ ఆయన కఠినముగా నిందించెను. గణితగ్రంథములలో ఇంత కోపము అరుదు. ఆయన చూపిన మార్గము కోణమును కొలుచుట కాదు, కర్ణమును కొలుచుట. కర్ణము తెలిసినచో మడి రెండు త్రిభుజములగును, త్రిభుజము కదలదు. మన క్షేత్రగణితములో కోణము చేయవలసిన పనిని కర్ణము చేసినదని నా యభిప్రాయము.

కోణ శబ్దము గ్రీకు భాషనుండి జ్యోతిషము ద్వారమున సంస్కృతమునకు వచ్చెనని పలువురు పండితుల మతము. తెలుగున దానికి సాటివచ్చునది మూల. వంకరగా పోవుదానిని ఐమూల యందుము. సమకోణము, న్యూనకోణము, అధికకోణము అను విభాగము సంస్కృతమున రేఖాగణితములో స్పష్టముగా కన్పట్టును. అది పద్దెనిమిదవ శతాబ్దిలో సవాయి జయసింహుని ప్రేరణమున జగన్నాథ సమ్రాట్టు అరబ్బీనుండి చేసిన యూక్లిడు అనువాదము. హిందీవారు ఆ మూడు పేళ్లనే నిలుపుకొనిరి. మరాఠీవారు చిన్నదానికి లఘుకోన్ అనిరి. తెలుగున అల్పకోణము, లంబకోణము స్థిరపడినవి. పెద్దదానికి గురుకోణమనియు, అధికకోణమనియు రెండు వాడుకలున్నవి. గురువునకు జోడు లఘువని ఛందస్సు చదివిన మనకు అల్ప-గురు జంట కొంత ఎబ్బెట్టుగా తోచును. అల్పమునకు అధికమే తగును.

ఇక కోణము నేలకు దిగిన కథ. 1802 లో లాంబ్టన్ మద్రాసునొద్ద ఆధారరేఖను కొలిచి త్రికోణమితి సర్వే నారంభించెను. 1858 లో మద్రాసు రాజధానియందు రెవెన్యూ సర్వే మొదలైనది. గ్రామపు పొలిమేర వెంట రాతినుండి రాతికి థియొడొలైటును త్రిప్పి కోణములు చదివిరి. పాఠ్యపుస్తకములో పిల్లవానికి అనవసరముగా తోచు పరావర్తనకోణము ఇచట అక్కరకు వచ్చును. పొలిమేర లోపలికి మడిగిన ప్రతిచోటను లోపలి కోణము 180 డిగ్రీలు దాటును. దానిని దాటినట్లే వ్రాసుకొననిచో లెక్క కుదురదు. 20 రాళ్ల పొలిమేరకు లోపలి కోణముల మొత్తము 36 లంబకోణములు, అనగా 3240 డిగ్రీలు, కావలెను. కానిచో ఏదో ఒక రాతియొద్ద చూపు తప్పినదన్నమాట.

ఇది పొలిమేరకు మాత్రమే. ఊరిలోపలి మడులను గొలుసుతోనే కొలిచిరి. 66 అడుగుల గంటరు గొలుసు, 100 లింకులు. మడిని త్రిభుజములుగా విడదీసి, మూలగీత పరచి, వంకరగట్టునకు దానినుండి లంబములు తీయుదురు. కనిగిరి జలాశయపు కాలువ ఐమూలగా కోసిన మడినైనను ఇట్లే కాగితమున కెక్కించుదురు. సర్వే నంబరునకు గీసిన ఆ కొలతల పటము తీసి చూచినచో నిడుపులే యుండును. డిగ్రీల యంకె యొక్కటియు కానరాదు. భాస్కరుడు కోరినదదియే!

2020 డిసెంబరున ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన పునఃసర్వేలో ఉపగ్రహ సంకేతములచే ప్రతి మూలకును స్థానము నిర్ణయించుచున్నారు. కోణమును కంటితో చదువవలసిన పని లేదు. అయినను ఆ అంకణముల స్థలములో పునాదికి ముగ్గు పోయు మేస్త్రీ, ఒక గీతపై 3 అడుగులు, రెండవదానిపై 4 అడుగులు గుర్తుపెట్టి, నడుమ దారము 5 అడుగులు వచ్చువరకు మేకును జరుపుచునే యున్నాడు.