వాన పేరు పెట్టుకున్న నోటు

బోట్స్వానాలో రూపాయి లాంటిది పులా. సెట్స్వానా భాషలో ఆ మాటకు అర్థం వాన. దీవెన కూడా అదే మాట. సభ ముగిసే వేళ జనమంతా ఒక్క గొంతుతో ‘పులా!’ అంటారు. దేశ చిహ్నం మీద రాసి ఉన్నది అదే, జెండాలోని లేత నీలం కూడా నీటికి గుర్తే. నేలలో సగానికి పైగా కలహారి ఇసుక పరుచుకున్న దేశం తన డబ్బుకు వాన పేరు ఎందుకు పెట్టుకుందో అనంతపురం వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. చెప్పవలసిన సంగతి వేరే ఉంది. ఈ దేశం నిలబడింది వాన వల్ల కాదు, వజ్రాల వల్ల. ఆ వజ్రాలు మంచి చేయడానికి కారణం వాటి విషయంలో తీసుకున్న ఒక నిర్ణయం. అదే నిర్ణయం నీటి విషయంలో ఇంకా పూర్తిగా జరగలేదన్నది నా వాదన.

మన వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరి పడగానే జనం మూటాముల్లె సర్దుకుని వజ్రాల వేటకు వస్తారు. వాన మట్టిని కడిగితే రాయి మెరుస్తుంది. కంటబడినవాడికి పంట, మిగతావాళ్లకు నడుంనొప్పి. నేల కింది రాయి ఎవరిది అన్న ప్రశ్నకు అక్కడ అదృష్టమే జవాబు. బోట్స్వానా మరో జవాబు చెప్పింది. 1966లో బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయేనాటికి దేశం మొత్తం మీద తారు రోడ్డు 12 కిలోమీటర్లు. కరువుకు పశువులు రాలిపోతున్న కాలం అది. మరుసటి ఏడే ఒరాపాలో వజ్రాలు బయటపడ్డాయి. ఆ ఏడే గనుల హక్కులను తెగల చేతుల్లోంచి దేశం చేతికి మార్చే చట్టం వచ్చింది. మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా బమాంగ్వాటో తెగ రాజవంశం వాడు, ఒరాపా ఆ తెగ నేలలోనే ఉంది. తన వాళ్లకు దక్కవలసినదాన్ని ఆయన అందరిదీ చేశాడు. 1975 నాటికి వజ్రాల గనుల కంపెనీలో ప్రభుత్వ వాటా సగానికి పెరిగింది. ఆ డబ్బు బడులుగా, ఆసుపత్రులుగా, రోడ్లుగా మారింది. పెద్దవాళ్లలో నలుగురిలో ఒకరికి పైగా హెచ్‌ఐవీ సోకిన గడ్డుకాలంలో, 2002 నుంచి ప్రభుత్వమే దేశమంతటా మందులు ఉచితంగా ఇవ్వగలిగింది. ఆఫ్రికాలో ఆ పని చేసిన మొదటి దేశం ఇదే.

ఇదంతా వజ్రాల అదృష్టమే కదా, పైగా జనాభా పాతిక లక్షల ప్రాంతమే కదా అనవచ్చు. సియెర్రా లియోన్‌కూ వజ్రాలున్నాయి, అక్కడి జనాభా కూడా మరీ ఎక్కువేం కాదు. అక్కడ అవి తుపాకులు కొన్నాయి. తేడా రాయిలో లేదు. బోట్స్వానాలో ఊరి పెద్ద ఎదుట ఎవరైనా లేచి మాట్లాడగల ఖోట్లా ఉంది, అచ్చం మన రచ్చబండ. పదిమందిలో కూర్చుని తేల్చుకునే ఆ అలవాటు కొత్త ప్రభుత్వానికి పునాది అయిందని నేను నమ్ముతాను.

నీటి దగ్గరికి వచ్చేసరికి ఆ న్యాయం తడబడింది. బీడు భూముల్లో బోరు వేయించగల స్తోమత ఉన్నవాడి చేతికే చుట్టుపక్కల మేత కూడా పోయింది. వందల పశువులున్నవాడు బాగుపడ్డాడు, పది మేకలున్నవాడు వెనకబడ్డాడు. ఖర్చు పెట్టినవాడిదే నీరు అనడం పైకి సబబుగానే కనిపిస్తుంది. కానీ బోరు తోడేది అతని నీరు ఒక్కటే కాదు, నేల కింది నీటికి కంచె ఉండదు. అందరికంటే ఎక్కువ నష్టపోయినవాళ్లు బసర్వాలు, అంటే కలహారి ఆదివాసులు. 2002లో వాళ్లను నడి కలహారి అభయారణ్యం నుంచి తరలించినప్పుడు అక్కడి బోరును మూసేశారు. అక్కడ ఉండే హక్కు 2006లో కోర్టు ఇచ్చింది. బోరు వాడుకునే హక్కు కోసం 2011 దాకా ఆగాల్సి వచ్చింది. నీరు లేకుండా ఇచ్చిన నేల ఎవరి ఆకలి తీరుస్తుంది?

పైగా ఆ రాయి కూడా ఇప్పుడు ఆదుకోవడం లేదు. ప్రయోగశాలలో తయారైన వజ్రాలు వచ్చాక ధరలు పడ్డాయి. 2025 ఆగస్టులో మందుల కొరతతో బోట్స్వానా ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది. ఇక నీటి సంగతి చూస్తే, రాజధాని గాబరోన్ డ్యాం పదేళ్ల కిందట అడుగంటినప్పుడు ఉత్తరం నుంచి వందల కిలోమీటర్ల గొట్టం దాహం తీర్చింది. వజ్రం లేకపోయినా దేశం బతుకుతుంది, నీరు లేకపోతే బతకదు. రాయి అందరిదీ అని చట్టం చేసిన దేశానికి, నీరు అందరిదీ అనే ధైర్యం కూడా ఉండాలి.

ఈ మాట సీమకూ వర్తిస్తుంది. బోర్ల మధ్య దూరం పాటించమనే వాల్టా చట్టం మనకు 2002 నుంచీ ఉంది. కాగితం మీది ఆ మాట రచ్చబండ దగ్గరికి రావాలి. పక్క చేనివాడి బోరు ఎండిపోయేలా మన బోరు వేయకూడదు. కొత్త బోరు దించే ముందు ఊరంతా కూర్చుని ఒక్కసారి మాట్లాడుకోండి.