మోకు, గడ, వయస్సు

బస్తరు దక్షిణ సీమలో, కొంటా ప్రాంతాన ఉన్న భేజ్జి పరిసరాలు తెలుగు, గోండి భాషలు కలిసే నేల. ఇక్కడి దోర్లలు కోయ జాతిలో ఒక శాఖ. వారి పలుకుబడిలో తెలుగు ఛాయలు మెండు. 2012లో ఏర్పడిన సుక్మా జిల్లాలో ఈ ప్రాంతం చేరింది.

అడవిని ఆశ్రయించిన జీవనంలో చెట్టెక్కడం ఒక విద్య. వేటగాడు కొమ్మలపై మంచె కట్టి జంతువు రాకకై కాచుకొనేవాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో జరిగిన సవరణ వేటను దాదాపు పూర్తిగా నిషేధించాయి. వేట మంచె చరిత్రలో కలిసినా, చెట్టెక్కే విద్య కల్లుగీతలో నిలిచింది. ఏ వయస్సులో ఏ చెట్టు, ఏ సాధనం అన్న ప్రశ్న కూడా దానితోపాటే నిలిచింది.

తాటిచెట్టుకు గెలలు తలభాగాననే వస్తాయి. చెట్టు ఏటేటా ఎదిగి, కొన్ని 90 అడుగులు దాటుతాయి. గీతకాడు నడుముకూ మానుకూ కలిపి మోకు చుట్టుకొని, పాదాలకు బంధం వేసుకొని, వెనుకకు వాలి బరువును మోకుపై మోపి, అంచెలంచెలుగా పైకి జరుగుతాడు. ఉదయం, సాయంత్రం ఎక్కక తప్పదు. మోకాళ్ళు, నడుము, అరచేతుల పట్టు ఈ మూడూ చెదరరాదు. మనిషి వయస్సు మళ్ళుతుండగా చెట్టు ఇంకా ఎత్తు పెరుగుతుంది. ఈ వృత్తిలోని కఠిన సత్యం ఇదే.

జీలుగు స్వభావం ఇందుకు భిన్నం. బస్తరులో దీనిని సల్ఫీ అనీ, గోండిలో గోర్గ అనీ అంటారు. దీని మొదటి పూగెల శిఖరాన పుట్టి, తరువాతివి క్రమంగా కిందికి దిగుతాయి. చివరి గెలతో చెట్టు ఆయువు తీరుతుంది. ఈ చెట్టుకు కణుపుల వద్ద కొమ్మమొదళ్ళను మెట్లుగా మిగిల్చిన వెదురు గడను కట్టి ఉంచుతారు. మోకు కోరేంత ఒడుపును గడ కోరదు. చెట్టు వృద్ధాప్యం మనిషి వృద్ధాప్యానికి అనుకూలించే అరుదైన సందర్భమిది. గోదావరీ తీరపు కొండరెడ్ల ఆహారంలో జీలుగు కల్లుకున్న స్థానాన్ని హైమన్‌డార్ఫ్ 1945లో వెలువడిన గ్రంథంలో వివరించాడు.

అయితే జీలుగు కింది గెల సైతం నేలకు చాలా ఎత్తుననే ఉంటుంది. పాత గడ పుచ్చిపోవచ్చు, కట్టు సడలవచ్చు. కనుక సులువైన సాధనమని ఏమరుపాటు తగదు.

తెలుగు రాష్ట్రాలలో ప్రభుత్వాలు ఈ ప్రశ్నను రెండు విధాలుగా గుర్తించాయి. గీత కార్మికులకు 50 ఏళ్ళకే పింఛను అర్హత కల్పించడం ఒకటి. 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో తెలంగాణ ప్రభుత్వం ఆరంభించిన 'కాటమయ్య రక్ష' కిట్ల పంపిణీ రెండవది. కాలు జారినవాడు నేలపై పడకుండా ఆపడం కిట్టు పని. కాని అది చెట్టు ఎత్తును తగ్గించదు, మోకాళ్ళకు బలాన్నీ ఇవ్వదు. ఇక ఎక్కవలదని శరీరం చెప్పిన నాడు కార్మికుడు నిర్భయంగా మోకు దించగలగాలంటే పింఛను కావాలి. ఒకటి ప్రాణాన్ని కాపాడితే, రెండవది గౌరవాన్ని కాపాడుతుంది.

భేజ్జి అడవులు నేర్పే పాఠమూ ఇదే: సాధనం ఎంపిక చెట్టును చూసి మాత్రమే కాదు, ఎక్కేవాని వయస్సును చూసి కూడా జరగాలి.