సముద్రభయం, ఒక అద్దం ముక్క, ఏనుగు తొండం

మనవాళ్ళకి సముద్రమంటే భయం ఇవాళ్టిది కాదు. బౌధాయన ధర్మసూత్రం మనిషిని పతితుణ్ణి చేసే పనుల్లో సముద్రయానాన్ని కూడా లెక్కేసింది. 1888లో గాంధీ ఇంగ్లండుకి బయల్దేరుతుంటే బొంబాయిలో ఆయన కులపెద్దలు వెలేశారు. అండమాన్ జైలుకి కాలాపానీ అన్న పేరు వింటే నాకైతే ఖైదు కన్నా నీళ్ళ భయమే ఎక్కువ వినిపిస్తుంది.

అలాగని అందరూ ఒడ్డునే కూర్చోలేదు లెండి. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఏకంగా అభయశాసనమే వేయించాడు. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారు, నేను సుంకం మాత్రమే తీసుకుంటాను అని దాని సారాంశం.

అయితే ఓడెక్కే భయం వేరు, నీళ్ళలో మొహం పెట్టే భయం వేరు. ఈ రెండోదాన్ని పోగొట్టింది ధైర్యం కాదు, అద్దం ముక్క అని నా అభిప్రాయం. మన కంటికి ఫోకస్ చేసే శక్తిలో దాదాపు మూడింట రెండొంతులు కార్నియాది. అది గాలిలోనే పనిచేస్తుంది. నీళ్ళు తగిలాయంటే ఆ శక్తి పోయి అంతా మసక. కింద ఏముందో కనపడనప్పుడు మనసు అక్కడ ఏదైనా ఊహించుకుంటుంది మరి! కంటికీ నీటికీ మధ్య కాస్త గాలి ఉంచితే చాలు, చూపు తిరిగొస్తుంది. పైగా చేపలు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి.

1936లో ఫ్రెంచి నౌకాదళంలో ఉన్న కూస్తో, తూలాన్ దగ్గర కళ్ళజోడు పెట్టుకుని తల ముంచాడు. కారు ప్రమాదంలో దెబ్బతిన్న చేతులు బాగుపడటానికి ఈతకి వెళ్తున్న మనిషి, ఆ తర్వాత జన్మంతా నీళ్ళకే అంకితమైపోయాడు. కాళ్ళకి తొడుక్కునే రబ్బరు రెక్కలకి అప్పటికే, 1933లో, కోర్లియూ అనే మరో ఫ్రెంచి నౌకాదళ అధికారి పేటెంటు తీసుకున్నాడు.

గొట్టం మాత్రం చాలా పాతది. ఏనుగు తొండాన్ని గజ ఈతగాళ్ళ ఊపిరి గొట్టంతో పోల్చాడు అరిస్టాటిల్! స్నార్కెల్ అన్న పేరే కొత్తది, రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ జలాంతర్గాముల గాలిగొట్టం నించి వచ్చింది. గొట్టం పొడుగ్గా చేసుకుని ఇంకా లోతుకి పోవచ్చు కదా అని మన ఇంజనీరు బుర్రకి తడుతుంది. కుదరదు. ఒక్క మీటరు లోతులోనే ఛాతీ మీద చదరపు సెంటీమీటరుకి వంద గ్రాముల బరువు అదనంగా పడుతుంది, ఊపిరి తీయడమే గగనం. పైగా వదిలిన గాలే గొట్టంలో ఉండిపోయి మళ్ళీ లోపలికొస్తుంది. అందుకే అది జానెడున్నర దగ్గర ఆగిపోయింది.

హావ్‌లాక్ దీవిలో (2018 నించి స్వరాజ్ ద్వీప్) ఎలిఫెంట్ బీచ్‌కి వెళ్ళినప్పుడు ఇవన్నీ నాకు తెలుసు. ఈత మాత్రం రాదు. లైఫ్ జాకెట్ తేలుస్తున్నా, గైడు పట్టుకుని ఉన్నా, మొదటి రెండు నిమిషాలు గుండె దడదడలాడింది. ముక్కు మూసుకుపోయి నోటితో పీల్చాలంటే ఒళ్ళు ఒప్పుకోదు. నడుంలోతు నీళ్ళలో నిలబడి, మొహం మాత్రం ముంచి, ఊపిరి పొడుగ్గా వదలడం మీదే ధ్యాస పెట్టాను. గొట్టంలో ఆ శబ్దం నెమ్మదించాక పాదాలు వాటంతటవే నేల వదిలాయి.

అప్పుడు ఇంకో చప్పుడు వినిపించింది, ఎవరో పక్కన చేగోడీలు నములుతున్నట్టు. పేరట్ ఫిష్‌లు పగడపు రాళ్ళని కొరుకుతున్నాయి. ఆ దీవుల్లో మనం ఫొటోలు దిగే తెల్ల ఇసకలో కొంత, అవి అలా నమిలి వదిలినదే.