కోటిపల్లి రైలు, నా పాత ఇంజను

కోనసీమ పిల్లలకు రైలంటే గోదావరి అవతలి సంగతి. మనం చదువుకునే రోజుల్లో ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగినా రైలు కూత వినబడేది కాదు. కాకినాడో, రాజమండ్రో వెళ్లాల్సిందే. తమాషా ఏమిటంటే, మన తాతల కాలంలో ఆ కోటిపల్లి దాకా రైలు వచ్చేది. 1928లో కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా 45 కిలోమీటర్ల బ్రాడ్‌గేజి లైను వేశారు. పన్నెండేళ్లు నడిచింది. రెండో ప్రపంచ యుద్ధం రాగానే, 1940లో ఆ పట్టాలు ఊడదీసి యుద్ధ అవసరాలకు పట్టుకుపోయారు. లైను మళ్లీ పడేసరికి 2004 వచ్చింది. అప్పటికి ఆవిరి ఇంజన్ల కాలమే అయిపోయింది. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద మామూలు సర్వీసుల్లో అవి 1995లోనే ఆగిపోయాయి.

పాత ఆవిరి ఇంజన్ల నమూనాలు వెతికి, బాగుచేసి నడిపించడం నాకు చాలా ఏళ్లుగా ఉన్న వ్యాపకం. మా ఇంట్లో వాళ్లు దీన్ని బొమ్మలాట అంటారు, అననివ్వండి. మొదటిది మద్రాసు మూర్ మార్కెట్లో దొరికింది, 1985లో అది కాలిపోకముందు. హార్న్‌బీ డబ్లో అనే ఇంగ్లీషు రకం, 1938లో మొదలైన వరస. ఇలాంటివి కొనేటప్పుడు రంగు చూడకూడదు, పోత చూడాలి. యుద్ధానికి ముందు జింకు మిశ్రమంలో సీసం కలిసిపోయిన పోతలు లోపల్నుంచే పగిలి పొడి అవుతాయి. వాటికి మందు లేదు.

పోత గట్టిగా ఉంటే మిగతాది పనే. ఏళ్లు గడిచేకొద్దీ మోటారులో అయస్కాంతం బలం తగ్గుతుంది. ఇంజను ఎక్కువ కరెంటు తాగి, వేడెక్కి, మెల్లగా నడుస్తుంది. మన సైన్సు మాస్టారు మూడు వేళ్లు చాపి చూపించిన ఫ్లెమింగ్ ఎడమచేతి నియమం నాకు నిజంగా పనికొచ్చింది ఇక్కడే. దానికి చిన్న నియోడిమియం అయస్కాంతం పెట్టాను. పాత డబ్లోలకు మూడు పట్టాలు, మధ్యదానిలో కరెంటు. రెండు పట్టాల మీదికి మార్చాలంటే చక్రాలకు ఇన్సులేషన్ ఉండాలి, లేకపోతే పెట్టగానే షార్టు. డిజిటల్ డీకోడరు పెట్టాలంటే బ్రష్షులు రెండూ చట్రానికి తగలకుండా విడదీయాలి. ఇవన్నీ చేశాను. పై తొడుగును మాత్రం ముట్టుకోలేదు. గీతలు గీతలుగానే ఉన్నాయి. తీసిన ప్రతి భాగాన్నీ తేదీ రాసి డబ్బాలో దాచాను.

పెద్ద ఇంజన్లకూ ఇదే పేచీ. 1855లో లీడ్స్‌లో తయారైన ఈ.ఐ.ఆర్. 21 ఇంజను 1909లో పని మానేసింది. తర్వాత జమాల్‌పూర్‌లో, హౌరాలో ప్రదర్శన వస్తువుగా నిలబడి ఉంది. పెరంబూరు లోకో వర్క్స్ వాళ్లు దాన్ని బాగుచేసి 2010 ఆగస్టు 15న చెన్నైలో నడిపారు. అన్నేళ్లు నిలబడ్డదాన్ని కదిలించాలంటే కొత్త భాగాలు తప్పవు. అలాంటప్పుడు అది పాత ఇంజనేనా అని అడిగేవాళ్లుంటారు. ఏది పాతదో ఏది కొత్తదో రాసి ఉంచినంత కాలం నాకు పేచీ లేదు.

నా డబ్లోకు ‘కోటిపల్లి పాసింజరు’ అని పేరు రాయమని మనవడు పట్టుబట్టాడు. రాయలేదు. దాని పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. అదే కొలతలో మన బ్రాడ్‌గేజికి 22 ఉండాలి. అది ఇంగ్లండు ఇంజనే తప్ప మనది కాదు. పేరు రాస్తే చూసిన పిల్లలు నమ్ముతారు.

మనది చేయాలంటే ముందు మనది ఎలా ఉండేదో చెప్పేవాళ్లు కావాలి. 1938లో ఎనిమిదేళ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దాటాయి. మీ ఇళ్లలో ఆ రైలెక్కిన మామ్మలు, తాతయ్యలు ఉంటే ఈ పండక్కే కూర్చోబెట్టి అడగండి. ఎక్కడ ఎక్కారు, టిక్కెట్టు ఎంత, కోటిపల్లిలో దిగి పడవ కోసం ఎంతసేపు కూర్చున్నారు. వాళ్ల మాటల్లోనే రాసి సంఘానికి పంపండి. ఫొటో ఉంటే నకలు చాలు, అసలు మీ దగ్గరే ఉంచుకోండి.